రెండేళ్ళు ఆలస్యమైన వేళాకోళం

ఫలేమే రేవులో వాసా త్రావొరే చేత నాలుగు తిట్లు తినకుండా నది దాటిన జారా ఇంటివాడు లేడు. పడవ ఒడ్డుకి తగులుతుండగానే ఆమె గారెల మూకుడు మీంచి తల ఎత్తి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, వచ్చినవాళ్ళెవరో చూసేది. జారా కనిపించాడా, ఇక వాడి పని అయిపోయినట్టే.

"వచ్చాడమ్మా అలసందల బస్తా. ఏరా, పొయ్యి మీదున్న కుండ ఖాళీ చేసి వచ్చావా, కుండతో సహా మింగి వచ్చావా?"

"ఖాళీ చేసే వచ్చాను. మా ఇంటి పాలేరు గారెలు వేస్తోందని విని, కాస్త ఉప్పు చూసిపోదామని."

"పాలేరు ఎవరో వెళ్ళి మీ తాతనడుగు. మా తాత కాళ్ళు పట్టీ పట్టీ ఆయన వేళ్ళు అరిగిపోయాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. వాడు మాత్రం కూచుని గారెలు లాగించేవాడు. అవి అలసంద గారెలు. జారాలంటే అలసందలకి మొహం వాచిన తిండిపోతులని త్రావొరేలు, ఆ తిండిపోతులు త్రావొరేలే అని జారాలు తాతల నాటి నుంచీ ఒకళ్ళనొకళ్ళు ఆడిపోసుకుంటున్నారు. అలాంటి చోట ఒక త్రావొరే ఆడమనిషి పని గట్టుకుని అలసంద గారెలే అమ్ముతోందంటే, అందులో సగం వ్యాపారం, సగం పొగరు. ఆ పొగరు వాసాకి తల్లి నుంచి వచ్చింది, మూకుడుతో పాటు.

సనంకూయ అంటారు ఆ చుట్టరికాన్ని. బావామరదుల వేళాకోళంలాంటిదే గానీ, ఇద్దరు మనుషుల మధ్య కాదు, రెండు ఇంటిపేర్ల మధ్య. ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఏ ఊరి సంతలో ఎదురుపడ్డా, ఒకడు త్రావొరే, ఒకడు జారా అని తేలితే చాలు, తిట్లు మొదలు. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. చెయ్యి ఎత్తకూడదు. ఆ వరసలో పట్టుబట్టి ఏదైనా అడిగితే కాదనకూడదు. ఒకసారి అవతలి ఒడ్డున జారాల ఊరు ఫరాకుట పశువులు నది దాటొచ్చి ఇవతల త్రావొరేల ఊరు కెనెబా జొన్నచేను మేసేస్తే, రెండు ఒడ్ల కుర్రాళ్ళూ కర్రలు పట్టుకుని నీళ్ళలోకి దిగారు. వాసా గారెల పిండి గిన్నె నెత్తిన పెట్టుకుని మధ్యలోకి పోయి, "మీ పశువులు తిన్నాయి సరే, పశువుల కాపర్లు ఆకలితో ఉన్నట్టున్నారు, ముందు ఇది నాకండి" అంది. కర్రలు పట్టుకున్నవాళ్ళకి నవ్వాగలేదు. నవ్వాక ఇంకేం కొట్టుకుంటారు?

ఫలేమే గినీ కొండల్లో పుట్టి ఉత్తరానికి పారుతుంది. తూర్పు ఒడ్డున వాసా ఊరు కెనెబా, అది మాలి. పడమటి ఒడ్డున ఫరాకుట, అది సెనెగల్. ఈ నీళ్ళే దిగువకి పోయి పెద్ద నదిలో కలిసి, మౌరిటానియా అంచు ఒరుసుకుంటూ సముద్రానికి చేరతాయి. గినీలో పెద్ద వాన పడితే అక్కడున్న మేనమామ కొడుకు ఫోన్ చేసి "నీళ్ళొస్తున్నాయి, పశువుల్ని పైకి తోలుకోండి" అంటాడు. కెనెబావాళ్ళు ఆ మాటే దిగువన మౌరిటానియాలో ఉన్న వియ్యాలవారికి చెబుతారు. ఇదే పనికి నాలుగు దేశాలూ కలిసి సెనెగల్ రాజధానిలో పెద్ద కార్యాలయం కట్టుకున్నాయి. అది చక్కగానే నడుస్తోంది, ఎవరూ కాదనడం లేదు. కానీ మేనమామ కొడుకు ఫోనే ముందొస్తుంది.

వాసా మొగుడు దెంబా రేవులో పడవ నడుపుతాడు. రోజు మొత్తం మీద అతను ఆడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "ఇంటికి సరిపడా నేనే మాట్లాడతాను, ఆయన గొంతు పండక్కి దాచుకున్నాడు" అనేది వాసా. పెళ్ళై పాతికేళ్ళు దాటినా ఆ పండగ ఇంకా రాలేదు.

అంతా అలా కడుపులో చల్ల కదలకుండా సాగిపోతుండగా కెనెబావాళ్ళు ఒక తప్పు చేశారు. ఇంకెక్కడైనా దాన్ని తప్పనరు, మర్యాద అంటారు.

ఫరాకుట పెద్ద సీరమాన్ జారా తల్లి దన్సిరా పండు ముసలిదై కన్నుమూసింది. జారా ఇంట్లో మనిషి పోతే త్రావొరేలకి పెద్ద పని ఉంటుంది. పోయినవాళ్ళ బట్టలు కట్టుకోవాలి. వాళ్ళ నడక నడవాలి, వాళ్ళ గొంతుతో మాట్లాడాలి, ఏడుస్తున్నవాళ్ళని నవ్వించాలి. తవ్విన గోతిలో అడ్డంగా పడుకుని, మేకో కోడో ఇస్తేగానీ లేవమని మొండికెయ్యాలి. అప్పుడే పోయినవాళ్ళు నిండుగా పోయినట్టు. ఉన్నవాళ్ళ గుండె బరువు కూడా కాస్త దిగుతుంది.

కబురు వచ్చిన సమయానికి కెనెబా పెద్ద ఫమోరి త్రావొరే ఇంట్లో జిల్లా అధికారి టీ తాగుతున్నాడు. ఫమోరి వాసాకి స్వయానా అన్న. అధికారి మంచివాడు, పొరుగు దేశం ఊరైనా తానూ వచ్చి పరామర్శిస్తానన్నాడు. ఫమోరి ఉబ్బిపోయాడు. ఊళ్ళో త్రావొరేలందరినీ పోగేసి, "పెద్దాయన పక్కనుండగా కోతివేషాలు వేసి నా పరువు తియ్యకండి. పెద్దమనుషుల్లా మసలండి" అని గట్టిగా చెప్పాడు.

"నోరు దురద పెడుతోంది అన్నయ్యా," అంది వాసా.

"ఒక్క పూట మూసుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది."

మూసుకుంది. అందరితో పాటు ఉతికిన తెల్లబట్ట కప్పుకుని, తల వంచుకుని, మెల్లగా రెండు సంతాపం మాటలు చెప్పి పక్కకి నిలబడింది. సీరమాన్ జారా ఒక్కొక్క త్రావొరే మొహం చూస్తూ ఎదురుచూశాడు. ఎవరూ దన్సిరాలా వంగి నడవలేదు. ఎవరూ గోతిలోకి దూకలేదు. మట్టి కప్పడం అయిపోయింది. అప్పుడు ఆయన చేతులు దులుపుకుని, "మా అమ్మ కోసం శ్రమపడి వచ్చిన అతిథులకి చాలా కృతజ్ఞులం" అన్నాడు. అతిథులు. ఆ మాట వాసా చెంప మీద కొట్టినట్టయింది. తిరుగు పడవలో అధికారి ఎంతో గౌరవంగా జరిగిందని మెచ్చుకున్నాడు, ఫమోరి మీసం సవరించుకున్నాడు, వాసా మాత్రం వెనక్కి తిరిగి ఫరాకుట ఒడ్డే చూస్తూ కూచుంది.

ఆ రోజు నుంచీ రెండు ఊళ్ళ మధ్యా మర్యాద మొదలైంది. పోట్లాట లేదు, కర్రలు లేవు. "కులాసానా? పిల్లలు క్షేమమా? పశువులు క్షేమమా?" అనుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. జారాలు రేవులో దిగి, గారెలు కొనుక్కుని, దూరంగా కూచుని తిని లేచిపోయేవాళ్ళు. వాసా ఎంత గిల్లినా పలికేవాళ్ళు కాదు. ఒకనాడు సీరమాన్ మేనల్లుడు, చిన్నప్పుడు ఆమె ఒళ్ళో కూచుని ఆమెనే పాలేరుదానా అని పిలిచినవాడు, ఆకు మడిచి పక్కన పెట్టి, "గారెలు బాగున్నాయండీ వాసాగారూ" అన్నాడు.

ఆమె ఆ పూట మూకుడు దించేసి ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. "గారూ అన్నాడు. నన్ను పట్టుకుని గారూ అన్నాడు," అంది దెంబాతో. దెంబా ఆ రోజు పొయ్యి తనే అంటించాడు. రెండేళ్ళు గడిచాయి అలా.

మూడో ఏడు వానల మొదట్లో మౌరిటానియా వియ్యంకుడు ఫోన్ చేశాడు. మిడతల దండు దక్షిణానికి దిగుతోంది, చూసుకోండి అన్నాడు. అన్నట్టే ఒక మధ్యాహ్నం పసుప్పచ్చ మబ్బులా వచ్చి ఫరాకుట దాటాక ఉన్న ఇసుక మిట్ట మీద వాలాయి. పంటలేవీ ముట్టలేదు. ఇసుకలో గుడ్లు పెట్టి, పనైపోయినట్టు లేచిపోయాయి. కొన్నాళ్ళకి మిట్టంతా నల్లగా కదలడం మొదలైంది. రెక్కల్లేని పిల్ల మిడతలు, ఈగలంత ఉన్నవి రోజురోజుకీ పెరిగి వేలంత అయ్యాయి. వాటి వీపు మీద రెక్కల మొటిమలు ఉబ్బుతున్నాయి.

రెక్కలొచ్చిన రోజు ఏమవుతుందో కెనెబాలో అందరికీ తెలుసు. ఆ కాలంలో గాలి నైరుతి నుంచి వీస్తుంది. ఫరాకుట చేలు మిట్టకి నైరుతి వైపే ఉన్నాయి, వాటికి భయం లేదు. కెనెబా సజ్జచేలు మాత్రం సరిగ్గా గాలికి ఎదురుగా, నది ఇవతల, కంకుల్లో పాలు పట్టి నిలబడున్నాయి. కిందటేడు పంట తేలిపోయి గాదెల అడుగు కనబడుతోంది. ఇది కూడా పోతే ఊరు నిలవదు, కుటుంబానికో దారిగా చెదిరి పట్నాలకి పోవలసిందేనని పెద్దలు అప్పటికే తేల్చేశారు. వాసా కూతురు ఇద్దరు చంటిపిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోవాలా అని లెక్కలు వేసుకుంటూ మూటలు కడుతోంది. మనవరాళ్ళు లేని ఇల్లు, మనుషులు దిగని రేవు తలుచుకుంటే వాసాకి ముద్ద దిగడం లేదు.

మిడతల కబురు అందిన రోజే రెండు దేశాల వ్యవసాయ శాఖలవాళ్ళూ మాట్లాడుకున్నారు. సెనెగల్ వాళ్ళ మందు కొట్టే బండ్లు ఉత్తరాన ఇంతకంటే పెద్ద దండు దగ్గర ఉన్నాయి. మాలి వాళ్ళ బండి వానకి కొట్టుకుపోయిన రోడ్డు అవతల ఆగింది. వచ్చేలోపు ఆగొద్దు, కందకాలు తవ్వి, పిల్ల మిడతల్ని వాటిలోకి తోలి పూడ్చండి అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. సబబైన మాటే. అయితే మిట్ట ఫరాకుటది. అంత పొడుగు మిట్ట చుట్టూ కందకం తవ్వడానికి కెనెబా చేతులు ఏ మూలకీ చాలవు. రెండు ఊళ్ళూ దిగితేగానీ అయ్యే పని కాదు.

ఫమోరి తెల్లని అంగీ తొడుక్కుని, పెద్దలకి మర్యాదగా ఇచ్చే కోలా కాయలు తీసుకుని, నలుగురు పెద్దలతో పడవ ఎక్కాడు. సాయంత్రానికి తిరిగొచ్చాడు. ఊరంతా రేవులోనే ఉంది.

"ఏమన్నాడు?" అంది వాసా.

"బాగా మాట్లాడాడమ్మా. కుర్చీ వేయించాడు. మీ కష్టం విని మా మనసు కలుక్కుమంది ఫమోరిగారూ అన్నాడు. కుర్రాళ్ళు కలుపుల్లో ఉన్నారట, పెద్దలంతా కూచుని ఆలోచించి కబురు పెడతానన్నాడు."

"గారూ అన్నాడా?"

"అన్నాడు."

"అయితే లేదన్నట్టే. కబురూ రాదు, కాకరకాయా రాదు. నువ్వు తెల్ల అంగీ వేసుకుని పోయినప్పుడే అనుకున్నాను."

"నన్నంటావేంటే? ఇంకేం వేసుకుని పోవాలి?"

వాసా ఇంటివైపు తిరిగి నడిచింది. ఆ నడక చూసి ఫమోరికి భయమేసింది.

మర్నాడు పొద్దున ఆమె మూకుడు ముట్టుకోలేదు. పెట్టె అడుగు నుంచి నీలిమందు పంచె ఒకటి తీసి, దన్సిరా కట్టినట్టు మోకాళ్ళ పైకి కట్టింది. తలగుడ్డ ఒక చెవి మీదకి జార్చింది, ఆ ముసలమ్మకి ఎప్పుడూ అలాగే జారేది. రోకలి ఒకటి చేతికర్రగా పట్టుకుంది. రేవుకి పోయి, "పడవ తియ్యి" అంది దెంబాతో.

దెంబా ఆమెని కిందనుంచి పైకి చూశాడు. గడ వేశాడు. నది మధ్యకి వచ్చాక నోరు విప్పాడు.

"కొడతారేమో."

"ఇంకా చుట్టాలమే అయితే కొట్టరు. కాకపోయి ఉంటే, చచ్చిన తల్లిని ఎగతాళి చేశానని విరగ్గొడతారు. అదేదో తేల్చుకోడానికే పోతున్నాను."

"కోపమొస్తే?"

"వస్తే మిట్టా పోయినట్టే, పంటా పోయినట్టే. రాకపోతే నీ గొంతు దాచుకున్న పండగ ఇవాళే."

ఫరాకుటలో సీరమాన్ జారా వాకిట్లో పందిరి కింద ఆయనా, ఊరి మగవాళ్ళూ టీ కాచుకుంటున్నారు. వాసా గుమ్మంలోంచి నడుం వంచి, ఒక చెయ్యి తుంటి మీద ఆనించి, రోకలి టకటకలాడించుకుంటూ వచ్చింది. టీ పోస్తున్నవాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లోపల్నుంచి తొంగిచూసిన ఆడవాళ్ళలో ఒకావిడ చేతిలో చాట జారవిడిచింది. వాసా ఆగలేదు. తిన్నగా సీరమాన్ గది గుమ్మానికి అడ్డంగా వెళ్ళి వెల్లకిలా పడుకుంది.

"సీరమాన్. ఒరే ఎండుచేపా," అంది దన్సిరా గొంతుతో. ఆ ముసలమ్మ ఊరందరినీ ఎండుచేపా అనే పిలిచేది. "ఏంట్రా నన్ను ఇలా పంపించావు? అక్కడ గుమ్మంలోనే ఆపేశారు. నేను జారా ఇంటిదాన్నని చెబితే ఒక్కడూ నమ్మడు. జారా ఇంటిదానివైతే త్రావొరేలు నవ్వించి పంపేవాళ్ళు, ఎవరూ నవ్వలేదంటే నువ్వు ఎవత్తివో దొంగ శవానివి అంటున్నారు. రెండేళ్ళ నుంచీ బయటే కూచున్నాను. పులుసు కూడా బయటికే పోస్తున్నారు. అందులోనూ ఉప్పు లేదు."

వాసాగారూ అన్న మేనల్లుడు లేచాడు. పందిరి గుంజకి ఆనించిన కర్ర అందుకున్నాడు.

"మా అమ్మమ్మని వెక్కిరిస్తున్నావా? లే ఇక్కణ్ణుంచి."

"కూచోరా," అన్నాడు సీరమాన్.

ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వాసాకి కింద నుంచి ఆయన గడ్డం, ముక్కురంధ్రాలు తప్ప ఏమీ కనపడడం లేదు. గడ్డం అదురుతోంది. అది కోపమో మరొకటో తెలియలేదు. ఆమె కళ్ళు మూసుకుని తన సొంత గొంతుతో, చాలా చిన్నగా అంది. "ఆ రోజు మేం పెద్దమనుషుల వేషం వేశాం. సిగ్గులేని పని చేశాం. ముసలమ్మ నన్ను ఎత్తుకుని తిప్పింది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను."

సీరమాన్ వంగి ఆమె మొహంలోకి చూశాడు.

"పాలేరుదానా. ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే?"

అంతే. ఆయన గుమ్మం పక్కనే కూలబడి ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు, కడుపు పట్టుకుని నవ్వాడు. లోపలి ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలియకుండా పోయింది. కర్ర పట్టుకున్న మేనల్లుడు ఆ కర్రతో ఏం చెయ్యాలో తోచక దాని మీదే ఆనుకుని ముక్కు చీదాడు. వాసా ప్రాణం అప్పుడు కుదుటపడింది. ఆమె కూడా ఏడ్చింది గానీ లేవలేదు. లేవడానికి వచ్చిందా?

"ఇంక లే," అన్నాడు సీరమాన్ కళ్ళు తుడుచుకుంటూ. "మేకపోతుని ఇస్తాను. మంచిది, బలిసినది."

"మేకపోతు నీకే ఉండనీ, నీ బంధువే కదా. నాకు ఇసుక మిట్ట కావాలి. దాని మీద పాకుతున్నదంతా కావాలి. అది పూడ్చడానికి నీ ఊళ్ళో ఉన్న ప్రతి చెయ్యీ, ప్రతి పారా కావాలి. ఇస్తే లేస్తాను. లేకపోతే ఈ గుమ్మంలోనే పడుంటాను. రోజూ నన్ను దాటుకుంటూ పోండి, నేను రోజూ పులుసులో ఉప్పు లేదంటాను."

"చూశారా," అన్నాడు సీరమాన్ పందిరి కిందివాళ్ళతో, "త్రావొరేలకి ఆశ ఎంతుంటుందో. మేకిస్తానంటే కొండ అడుగుతుంది." తర్వాత లోపలికి తిరిగి కేకేశాడు. "పారలు తియ్యండర్రా. కలుపు రేపు తీసుకోవచ్చు."

మధ్యాహ్నానికల్లా ఫలేమే మీద పడవలే పడవలు. ఒడ్డున నిలబడి ఏమవుతుందో అని గోళ్ళు కొరుక్కుంటున్న ఫమోరికి, సీరమాన్ మేనల్లుడు పడవలోంచే అరిచాడు. "ఏమయ్యా అలసందల మూటా, ఆ తెల్ల అంగీ విప్పి గోచీ పెట్టు. తవ్వడం రాకపోతే నేర్పిస్తాం." ఫమోరికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఊరి పెద్దయినప్పట్నుంచీ ఎన్నడూ పరిగెత్తని మనిషి పరిగెత్తుకుంటూ నీళ్ళలోకి వెళ్ళాడు.

మిట్ట చుట్టూ రెండు ఊళ్ళ మగవాళ్ళూ మోకాలి లోతు తవ్వుకుంటూ పోయారు. ఎండెక్కాక పిల్ల మిడతలు గుంపు కట్టి నడవడం మొదలుపెడతాయి. అప్పుడు ఆడవాళ్ళు పచ్చికొమ్మలు పట్టుకుని, బేసిన్లు వాయించుకుంటూ వెనక నుంచి తోలాలి. అవి మరిగే గంజిలా పొర్లుకుంటూ వచ్చి కందకంలో పడతాయి. పడ్డవి ఎక్కలేకుండా మట్టి కప్పెయ్యాలి. వినడానికి తేలికే. చేతులు బొబ్బలెక్కాయి, కళ్ళలో ఇసుక పడింది, పాదాల మీంచి పాకే ఆ కాళ్ళ గరుకు ఒంటి మీద నుంచి పోయేది కాదు. అయినా ఆ మిట్ట మీద నవ్వు ఆగలేదు. రెండేళ్ళుగా బిగబట్టుకున్న తిట్లన్నీ అక్కడే వదిలారు.

"జారాలు ఇన్నిసార్లు వంగడం ఎప్పుడూ చూళ్ళేదు, కింద ఎవరైనా అలసందలు చల్లారా?"

"నువ్వు తవ్విన గుంటలో మిడత పడితే దానికి నవ్వొచ్చి ఎగిరిపోతోంది. ఇంకా లోతుగా తవ్వు."

రెండో రోజు సెనెగల్ సరిహద్దు పోలీసు ఒకడు మోటార్ సైకిల్ మీద వచ్చాడు. అవతలి దేశంవాళ్ళు ఇంతమంది ఎందుకు దిగారో చూసి రమ్మన్నారట. పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాతో, సముద్రం పక్క జిల్లావాడిలా ఉన్నాడు. "కాగితాలు ఎవరి దగ్గరున్నాయి?" అని అడిగాడు.

"నీ పేరేంటి నాయనా?" అంది వాసా, పచ్చికొమ్మ భుజాన వేసుకుని.

"న్జాయ్."

వాసా మొహం వెలిగిపోయింది. సముద్రం వైపు న్జాయ్ అన్నా, ఇటు వైపు జారా అన్నా ఒకే ఇంటిపేరు కింద లెక్క. ఈ సంగతి సరిహద్దు దాటే ప్రతివాడికీ తెలుసు. "న్జాయ్ అంటే జారాయే. అంటే నువ్వు నా ఇంటి పాలేరువి. నేను త్రావొరేని. టోపీ తీసి పార పట్టుకో."

పోలీసు మొహం మీదకి నవ్వు వచ్చింది. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. "త్రావొరే అంటే మా ఊళ్ళో జోప్. అన్నం గిన్నెలో తల పెట్టి పైకి తియ్యని జాతి. అందుకే మీకు పార పట్టుకోవడం రాక నన్ను పిలుస్తున్నారు."

"వచ్చి చూపించు మరి."

చొక్కా మోటార్ సైకిల్ మీద ఆరేసి సాయంత్రం దాకా తవ్వాడు. పోయేముందు తన పైవాళ్ళకి ఫోన్ చేసి, ఇక్కడ చుట్టాలు కలిసి పొలం పని చేసుకుంటున్నారు, తాగే నీళ్ళ ట్యాంకు ఒకటి పంపండి అని చెప్పాడు. మర్నాడు ట్యాంకు వచ్చింది. మాలి వైపు రోడ్డు బాగుపడేసరికి వ్యవసాయ శాఖ మనుషులు కూడా నది దాటొచ్చి, మిగిలిన గుంపులు ఏ వైపు కదులుతున్నాయో చూసి చెబుతూ అందరితో పాటు మట్టిలో దిగారు.

చివరి గుంపు అన్నిటికంటే పెద్దది. కొన్నిటికి అప్పటికే రెక్కలు విడుతున్నాయి, ఎగరబోయి పడుతున్నాయి. అది కందకం తవ్వని ఒక సందు వైపు, నది వైపు తిరిగింది. మగవాళ్ళు దూరంగా ఉన్నారు. వాసా చూసింది. గొంతు చించుకుని కేకేస్తూ కొమ్మ విసిరేసి, పైపంచె విప్పి అడ్డంగా పరిచి పట్టుకుంది. ఆమె పక్కకి ఫరాకుట ఆడవాళ్ళు, కెనెబా ఆడవాళ్ళు ఎవరి పైపంచె వాళ్ళు విప్పి అంచుకి అంచు కలిపి గోడ కట్టారు. మిడతలు వాళ్ళ మోకాళ్ళ దాకా ఎక్కాయి. ఒక్కరూ కదల్లేదు. గుంపు పంచెలకి కొట్టుకుని, గిరగిరా తిరిగి, వెనక్కి మళ్ళి కందకంలోకి జారింది. ముసలి సీరమాన్ గట్టున కూచుని సొరకాయ బుర్ర వాయిస్తూ, "నా కోడళ్ళని చూడండిరా, నా కోడళ్ళని చూడండి" అని చెప్పిందే చెప్పాడు. ఆ కోడళ్ళలో సగం మంది ఏ ఊరివాళ్ళో ఆయనకి తెలియదు.

కొద్ది రోజులకి నైరుతి గాలి లేచింది.

అందరూ ఎదురుచూసింది ఆ గాలి కోసమే. మిట్ట మీద ఎన్ని మిగిలాయో, ఏ పొదల వెనక ఏ గుంపు కళ్ళపడకుండా ఉండిపోయిందో ఎవరికి తెలుసు? కెనెబా మొత్తం ఒడ్డుకి వచ్చి పడమటి ఆకాశం చూస్తూ నిలబడింది. అవతలి ఒడ్డున ఫరాకుట కూడా నిలబడింది. ముందు దుమ్ము వచ్చింది. ఎర్రగా, గోడలా లేచి నది మీదుగా వచ్చింది. వాసా కూతురు చంటిదాన్ని గుండెకి హత్తుకుంది. దుమ్ములో ఏవో చుక్కలు కదులుతున్నట్టు కనబడి ఎవరో కెవ్వుమన్నారు. దుమ్ము మొహాల మీదకి వచ్చి కొట్టింది, దాటిపోయింది. దాని వెనక ఎండుటాకులు వచ్చాయి. నాలుగైదు మిడతలు ఎగురుకుంటూ వచ్చి ఇసుకలో పడితే కోళ్ళు వాటి కోసం కొట్టుకున్నాయి. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. ఖాళీ గాలి, అంతే. ఆ గాలికి సజ్జచేలు ఒక్కసారిగా వంగి మళ్ళీ లేచాయి.

వాన మొదలైంది. ఎవరూ ఇళ్ళకి పరిగెత్తలేదు. ఫమోరి తడుస్తూనే చేలోకి దిగి, ఒక కంకి పట్టుకుని గింజ నొక్కి చూశాడు. పాలు కారాయి. ఇంకొకటి నొక్కాడు. ఇంకొకటి.

"ఉంది," అన్నాడు ఒడ్డు వైపు తిరిగి. "అంతా ఉంది."

అవతలి ఒడ్డు నుంచి బేసిన్ల మోత మొదలైంది. దెంబా అందరికంటే ముందు గొంతెత్తి నది మీదికి పెద్దగా కేకేశాడు. అతను అరవడం కెనెబాలో ఎవరూ ఎప్పుడూ వినలేదు. వాసా జీవితంలో అంత గర్వం ఎన్నడూ ఎరగదు. దాచుకోవాలని కూడా అనిపించలేదు. చంటిదాన్ని కూతురి చేతుల్లోంచి తీసుకుని భుజాన వేసుకుంది.

"మూటలు విప్పెయ్యి," అంది కూతురితో. "ఈ ఏడు ఎవరం ఎక్కడికీ పోవడం లేదు."